పిలిచినా రాలేదని

కోర్టులో అందరూ ఆయన్ని గంట అనేవాళ్ళు. చేసేది బంట్రోతు ఉద్యోగం. కాగితంలో ఉన్న పేరూ, తండ్రి పేరూ చదివి గట్టిగా పిలవడం ఆయన పని. ఒకసారి జడ్జిగారి గది గుమ్మంలో, రెండోసారి వరండా చివర, మూడోసారి మెట్ల మీద నిలబడి ఆవరణలోకి. ఆ గొంతుకి ప్రహరీ అవతల టీ కొట్టులో కూర్చున్నవాళ్ళు కూడా గ్లాసు వదిలేసి పరిగెత్తుకొచ్చేవాళ్ళు. మూడోసారి పిలిచాక కూడా వెంటనే లోపలికెళ్ళి "రాలేదండి" అనడం ఆయనకు ఇష్టముండేది కాదు. మరుగుదొడ్ల వైపు ఓ కేక వేసి, మెట్ల కింద ముసలివాళ్ళెవరైనా కునుకు తీస్తున్నారేమో వంగి చూసి, అప్పుడు కదిలేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళు అలా పిలిచాడు.

అలాగని ఆ కోర్టంటే ఆయనకు ప్రేమేమీ లేదు. ఆయన అన్నగారికీ పక్కింటివాళ్ళకీ గోడ తగాదా. ఆ కేసు అక్కడే పంతొమ్మిదేళ్ళు నడిచింది. మూడు నెలలకోసారి గంటే సొంత అన్న పేరు పిలిచేవాడు. ఆ అన్న చెప్పులరిగేలా తిరిగి, తిరిగీ తిరిగీ ఒకరోజు పోయాడు. పన్నెండో రోజు కూడా కాకముందే వాయిదా వచ్చింది. కాగితాల్లో ఆ పేరు ఇంకా అలాగే ఉంది. పిలవక తప్పలేదు. ఆ రోజు మాత్రం గుమ్మంలో ఒక్కసారే పిలిచి, లోపలికెళ్ళి తల వంచుకుని నిలబడ్డాడు.

అందుకే ఊరి వెనక ఫ్యాక్టరీల పేటలో సొంత కోర్టు పెడుతున్నారంటే సంతోషించినవాళ్ళలో ఆయన మొదటివాడు. యజమానులంతా కలిసి ఒక కంపెనీని కుదుర్చుకున్నారు. గేట్లకు కాపలా ఆ కంపెనీదే, దొంగను పట్టేది ఆ కంపెనీయే, తగువు తీర్చేదీ అదే. పనిలో చేరేటప్పుడు ప్రతివాళ్ళూ ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఏ గొడవ వచ్చినా కంపెనీ తీర్పే ఆఖరి మాట, దాని మీద ఇంకెక్కడికీ వెళ్ళను అని. పోలీసులు ఆ గేటు దాటి రావడం మానేశారు.

ఆయన రిటైరైన రెండో నెలలో ఆ కంపెనీ మనిషి ఇంటికొచ్చాడు. "హాలు కట్టాం, కుర్చీలు వేశాం, తివాచీ పరిచాం పెద్దాయనా. ఎంత చేసినా ఆఫీసులా ఉంది తప్ప కోర్టులా లేదు. మీరొచ్చి పిలిస్తే కోర్టులా ఉంటుంది."

గంట పొంగిపోయాడు. క్యాంటీన్ మీద మేడలో చల్లటి రెండు గదులు. తీర్పరి ఒకప్పుడు కాలేజీలో న్యాయశాస్త్రం చెప్పిన మనిషి, నెమ్మదస్తుడు. ఎవరినీ కసిరేవాడు కాదు. వచ్చిన కొత్తలో యంత్రంలో వేలు నలిగిన ఒక కూలీకి తొమ్మిది రోజుల్లో పరిహారం ఇప్పించాడు. గంట ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే భార్య నవ్వింది.

"మీ పాత కోర్టులో అయితే ఈలోపు అతనికి వేలు మళ్ళీ మొలిచేది."

ఏడాదిన్నర అలా గడిచింది.

గంట ఇంటికి రెండిళ్ళవతల ఒకామె ఉండేది. సంచులు కుట్టే ఫ్యాక్టరీలో పని, సంచులకు పిడులు కుడుతుంది. భర్త లారీ మీద ఊళ్ళు తిరుగుతాడు, ఇంట్లో అత్తగారు. వీధిలో అందరితో వేళాకోళమాడే మనిషి. గంటను బాబాయ్ అని పిలిచేది. "మీరు గొంతు తగ్గించి మాట్లాడండి బాబాయ్, మా అత్తగారు తననే పిలుస్తున్నారని లేచి వచ్చేస్తోంది" అనేది.

ఆ ఫ్యాక్టరీ స్టోరులో మూడు డబ్బాల ఇత్తడి జిప్పులు పోయాయి. ఆమె రెండుసార్లు స్టోరులోకి వెళ్ళినట్టు కెమెరాలో ఉంది. సూపర్‌వైజరు పంపితేనే వెళ్ళానని ఆమె, నేను పంపలేదని అతను. బుధవారం పదిన్నరకు విచారణ అని నోటీసు వచ్చింది. ముందురోజు సాయంత్రం ఆ కాగితం పట్టుకుని గంట దగ్గరికి వచ్చింది.

"లోపల ఏం మాట్లాడాలి బాబాయ్? నాకు నోరెక్కువ. అదే నా భయం."

"జరిగింది జరిగినట్టు చెప్పు, అంతే. ఆయన వింటాడు. నేను గుమ్మంలోనే ఉంటాగా."

ఆ మాట ఎంతో ధీమాగా అన్నాడు.

బుధవారం ఆమె వంతు వచ్చింది. గంట గుమ్మంలో పేరు పిలిచాడు. వరండా చివర పిలిచాడు. బయటి మెట్ల మీదికి వెళ్ళి, కుట్టుమిషన్ల హోరు మీదుగా గొంతెత్తి మూడోసారి పిలిచాడు. కింద క్యాంటీన్‌వాళ్ళు తలెత్తి చూశారు. ఇంకెవరూ కదల్లేదు. మెట్ల కిందా చూశాడు, మంచినీళ్ళ పంపు దగ్గరా చూశాడు.

"ఇంకో పది నిమిషాలు చూద్దామండి. వస్తానని నాతో చెప్పింది."

తీర్పరి గోడ గడియారం చూశాడు. "పావుగంట చూశాం పెద్దాయనా. ఇవాళ ఇంకా పద్నాలుగున్నాయి."

కాగితం మీద ఇలా రాశాడు. పిలిచినా రాలేదు. ఆరోపణ ఒప్పుకున్నట్టే. అన్ని గేట్లలోనూ ప్రవేశం రద్దు. అన్ని గేట్లంటే ఈ పేట ఒక్కటే కాదు. చుట్టుపక్కల ఆరు పేటలకు కాపలా ఆ కంపెనీదే.

మధ్యాహ్నం టీకి దిగినప్పుడు గంటకు ఆమె కనిపించింది. రెండో గేటు బయట, సిమెంటు గట్టు మీద, ఎండలో కూర్చుని ఉంది. చేతిలో నోటీసు చెమటకు మెత్తబడిపోయింది.

"ఇక్కడున్నావేంటి?"

"ఎనిమిదిన్నర నుంచీ ఇక్కడే ఉన్నాను. విచారణ తేలేదాకా అని నిన్న సాయంత్రమే నా పాస్ ఆపేశారట. మిషన్‌లో పెడితే ఎర్ర లైటు. నోటీసు చూపించాను, పైకి ఫోన్ చెయ్యమన్నాను. పాస్ లేనివాళ్ళ గురించి ఫోన్ చెయ్యకూడదట." మేడ మెట్ల వైపు చెయ్యి చూపించింది. "మీరు పిలవడం వినిపించింది బాబాయ్. పలికాను కూడా. వచ్చానూ, ఇక్కడున్నానూ అని అరిచాను."

గంట గిర్రున వెనక్కి తిరిగాడు. టీ మాట మరిచిపోయి మళ్ళీ మెట్లెక్కాడు.

తీర్పరి ఫైలు పక్కనపెట్టి అంతా విన్నాడు. "అయ్యో" అన్నాడు కూడా. "కానీ గేట్లు నా కింద లేవు."

"కంపెనీ ఒకటే కదండీ? రమ్మన్నదీ మనమే, రానివ్వనిదీ మనమే."

"కంపెనీ ఒకటే, విభాగాలు వేరు."

"మరి మళ్ళీ విచారణ పెట్టండి. మా కోర్టులో అయితే రాలేదని తీర్పు చెప్పేసిన కేసు మళ్ళీ తెరిపించుకోవచ్చు. నెలలోపు అర్జీ పెట్టుకుంటే చాలు."

"ఆవిడ సంతకం పెట్టిన కాగితంలో అలాంటి ఏర్పాటు లేదు. అలాంటివన్నీ ఉండబట్టేగా మీ అన్నగారి కేసు పంతొమ్మిదేళ్ళు పట్టింది."

ఎగతాళిగా అనలేదు. ఆ కథ గంటే ఒకరోజు టీ తాగుతూ తనంతట తాను చెప్పాడు. గంట తర్వాతి పేరున్న కాగితం తీసుకుని గుమ్మంలోకి నడిచాడు.

మర్నాడు సెలవు పెట్టి పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు. ఎస్సై పాత పరిచయస్తుడే, కుర్చీ వేయించాడు.

"గేటు లోపలి సంగతులు మావి కావు పెద్దాయనా."

"ఆ పిల్లను ఆపింది గేటు బయటే కదండీ. బయట మీదే కదా?"

ఎస్సై చేతిలోని కలానికి మూత పెట్టాడు. "ఆపారు. కొట్టలేదు, తిట్టలేదు. పాస్ లేని మనిషిని లోపలికి రానివ్వకపోవడం నేరమని ఏ సెక్షన్ కింద రాయమంటారు?"

అక్కడి నుంచి తన పాత కోర్టుకు వెళ్ళాడు. గుమాస్తా కాగితాలు చూసి, కేసు వెయ్యొచ్చన్నాడు. అయితే ముందు ఆమె పెట్టిన సంతకం చెల్లుతుందా లేదా అన్నది తేలాలి. అది తేల్చడానికి జడ్జి కావాలి. నాలుగు నెలలుగా ఆ కుర్చీ ఖాళీగా ఉంది. మొదటి వాయిదా వచ్చే వానాకాలానికి పడితే అదృష్టమే. గంట ఆ వరండాలో కాసేపు నిలబడ్డాడు. తాను మోసిన నిలువెత్తు ఫైళ్ళు అక్కడే, అదే గోడ వారన, అలాగే ఉన్నాయి.

ఆమె ఈలోపు ఆరు పేటలూ తిరిగింది. పని ఇస్తామన్నవాళ్ళు లేకపోలేదు. మంచి పనిమంతురాలే, చేతిలో వేగముంది. కానీ ప్రతి గేటు దగ్గరా అదే ఎర్ర లైటు. భర్తకు ఫోన్‌లో చెబితే, తప్పు చెయ్యకపోతే ఎందుకు తీసేస్తారని అడిగాడట. ఆ ప్రశ్న దగ్గరే ఆమె వేళాకోళాలన్నీ ఆగిపోయాయి. వీధిలో ఎదురుపడితే తల పక్కకు తిప్పుకుని పోయేది.

నలభై రోజులయ్యాక కంపెనీ నుంచి ఒక కబురు వచ్చింది. తప్పు ఒప్పుకుంటూ రాసిస్తే నిషేధం తొంభై రోజులతో సరిపెడతారు. ఆ మధ్యాహ్నం ఆమె గంట ఇంటికి ఒక తెల్లకాగితం పట్టుకొచ్చింది.

"నా రాత కోడిగీతలు. మీరు రాసిపెట్టండి బాబాయ్. కింద సంతకం నేను పెడతాను."

"తియ్యనిది తీశావని నా చేత్తో రాయమంటావా అమ్మాయ్? వానాకాలానికి వాయిదా పడుతుంది. నేను సాక్ష్యం చెబుతాను. నువ్వు ఎక్కడున్నావో, ఎందుకు రాలేకపోయావో అంతా చెబుతాను."

"చెబుతారు, నాకు తెలుసు. అప్పటిదాకా ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి?"

గంట భార్య వంటగది గుమ్మంలో నిలబడి వింటోంది. ఆయన ఆమె వైపు చూశాడు. భార్య లోపలికెళ్ళి కలం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"పొరపాటున తీశానని రాస్తాను" అన్నాడాయన.

"పొరపాటున మూడు డబ్బాలు ఎవరు తీస్తారు బాబాయ్? నమ్మరు. మళ్ళీ వెనక్కి పంపుతారు. తీశాననే రాయండి."

"ఎందుకు తీశావని రాయను?"

ఆమె ఆలోచించింది. నిజంగానే, తియ్యని వస్తువును ఎందుకు తీసి ఉంటానా అని ఆలోచించింది. "అవసరం కొద్దీ అని రాయండి. అందరికీ ఏదో ఒక అవసరం ఉంటుందిగా."

ఆయన రాశాడు. కోర్టు కాగితాలు చూసీ చూసీ అబ్బిన గుండ్రటి అక్షరాలు. ఆమె కూడబలుక్కుంటూ రెండుసార్లు చదువుకుంది, పైకి అడిగితే తడబడకుండా చెప్పాలి కదా అని. సంతకం పెట్టి, మడిచి, "మా అత్తగారికి తెలియనివ్వకండి" అని వెళ్ళిపోయింది.

వారం తర్వాత ఆ కాగితం తీర్పరి బల్ల మీద కనిపించింది. ఆయన దాన్ని చదివి, గంట వైపు చూసి, "మీ అక్షరాలు చక్కగా ఉంటాయి పెద్దాయనా" అన్నాడు. ఫైలు మూసేశారు. ఫైలు మూసేశాక జిప్పులు ఎవరు తీశారో వెతకాల్సిన పని ఎవరికీ లేకపోయింది. ఎవరు తీశారో ఇప్పటికీ తెలియదు.

ఆ నెలాఖరుకు గంట ఉద్యోగం మానేశాడు. ఆయన స్థానంలో ఇంకో మనిషిని పెట్టుకోలేదు. గోడకు ఒక తెర బిగించారు, అందులో నంబర్లు వస్తాయి.

"ఇంతకీ మీ పాత కోర్టే నయమంటారా?" అని భార్య ఒకసారి అడిగింది, ఆయన ఊరికే కిటికీ దగ్గర కూర్చుని ఉంటే.

"నయమని ఎలా అంటానే? మా అన్నయ్య అక్కడే అరిగిపోయాడు." కిటికీ రెక్క దగ్గరికి లాక్కుని, "అక్కడ కనీసం అడుగుతూ ఉండొచ్చు. అడగడానికి ఓ గుమ్మముంది" అన్నాడు. అన్నాడే గాని, ఆ మాట ఆయనకే అంత గట్టిగా వినిపించలేదు.

తొంభై రోజుల తర్వాత ఆమెను పనిలోకి తీసుకున్నారు. కుట్టుపని కాదు, అట్టపెట్టెలు మడిచే చోట. ఒకరోజు పొద్దున గంట ఆ దారిన ఆసుపత్రికి వెళుతూ బస్సు కోసం నిలబడి ఉంటే, ఎదురుగా రెండో గేటు దగ్గర ఆమె వరుసలో కనిపించింది. ముందున్నవాళ్ళు పాసులు చూపించి చకచకా లోపలికి పోతున్నారు. తన వంతు రాగానే ఆమె పాస్‌తో పాటు సంచి కూడా తెరిచి, బల్ల మీద పెట్టింది. గార్డు కొత్తవాడు, అవసరం లేదమ్మా వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె వెళ్ళలేదు. అన్నం డబ్బా మూత కూడా తీసి, అతను వంగి చూసేదాకా అక్కడే నిలబడి, అప్పుడు లోపలికి నడిచింది.