డెఫినెట్‌గా తెస్తానన్న పట్టాలు

ఈ ఉదయం బ్రాడీపేటలో మా ఇంటికి వచ్చిన ఫ్రిజ్ మెకానిక్, ఏదో పార్టు కావాలని బయల్దేరుతూ, "సాయంత్రానికి డెఫినెట్‌గా వస్తానండీ" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. "వస్తానంటే చాలదా? ఆ తోక దేనికయ్యా?" అని కసిరాను. పాపం, బిత్తరపోయాడు. ఇంగ్లిషులో ఆ మాటకు సందేహమే లేదని అర్థమట. మన దగ్గర మాత్రం సందేహం ఉన్నచోటే దాన్ని వాడతారు. పెళ్లికి రాదలుచుకున్నవాడు వస్తానంటాడు, ఎగ్గొట్టేవాడే డెఫినెట్‌గా వస్తానంటాడు.

అద్దంకి దగ్గర మిరప వేసే మా బాబాయికి ఈ సంగతి తెలియదు. ఇంగ్లిషు మాట తెలుగు మాటకన్నా గట్టిదనుకున్నాడు. ఓ ఏడు కోసిన కాయంతా కల్లంలో ఎండుతోంది. పని మీద వెళ్లి నేనూ అక్కడే ఉన్నాను. ఆ కల్లానికి ఎవరొచ్చినా ముందు తుమ్మి, తర్వాతే కుశలం అడిగేవారు. వానకు కప్పే పట్టాలు చిరిగిపోతే, గుంటూరులో ఉండే మా పిన్ని తమ్ముడు కొత్తవి తెస్తానన్నాడు. "పొద్దున్నే డెఫినెట్‌గా తెస్తా బావా" అని ఫోన్లో చెప్పాడు. మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది, మనిషి జాడ లేదు. మబ్బు పడితే పక్క కల్లాలవాళ్లు పిలవకుండానే వచ్చి, తమ దగ్గర మిగిలిన పట్టాలు పరిచిపోవడం అక్కడి అలవాటు. ఆ రోజూ పక్కాయన పట్టాలు భుజానేసుకుని వచ్చి, "ఏరా, కప్పమంటావా?" అన్నాడు.

"వద్దులేరా, మా బావమరిది డెఫినెట్‌గా తెస్తానన్నాడు. అవతల వాళ్లకి కప్పు" అన్నాడు బాబాయి, కాస్త గర్వంగా కూడా.

వాన దంచి కొట్టింది. పిన్ని ఇంట్లో ఉన్న దుప్పట్లూ చీరలూ తెచ్చి పరిచింది. అవేం ఆపుతాయి? ఏడాది కష్టమంతా మా కళ్లముందే నానిపోయింది. ఆ పెద్దమనిషి మర్నాడు కారులో దిగాడు, కొత్త పట్టాల మడత కూడా విప్పకుండా. "నిన్న డెఫినెట్‌గా వద్దామనే అనుకున్నా అక్కా" అన్నాడు. నవ్వుతూ అన్నాడు!

"అయితే ఆ మాటే తీసుకెళ్లి కప్పరా కాయ మీద!" అని పిన్ని అరిచిన అరుపు చుట్టుపక్కల కల్లాలన్నిటికీ వినిపించింది. బాబాయి కూర్చుని, తెల్లబారిన తాలుకాయ ఏరుతూ పోయాడు. ఏరేకొద్దీ మంచి కాయ కుప్ప చిన్నదైపోయింది. అది చూసి నాకొచ్చిన కోపం ఇంతవరకూ చల్లారలేదు, చల్లారాలని నేను కోరుకోవడమూ లేదు.

మెకానిక్ సాయంత్రం చెప్పిన వేళకే వచ్చాడు. ఫ్రిజ్ బాగుచేశాడు, కాఫీ తాగి వెళ్లాడు. అయినా నేను గుర్రుగానే ఉన్నాను. ఆ వాన తర్వాత ఎన్ని ఎండలు కాశాయో. తడిసిన కాయ మళ్లీ ఎండింది గానీ, రంగు మాత్రం తిరిగి రాలేదు.