రెండో కప్పు కాఫీ

మా ఇల్లు ఆదోనిలో, ఉద్యోగం ఎమ్మిగనూరు బడిలో. పొద్దున బస్సులో నాతోపాటు మా బడి లెక్కల టీచరు కూడా వస్తుంది. కదిలే బస్సులో అక్షరాలు చూస్తే ఆమెకు కళ్లు తిరుగుతాయి. అందుకే నేను చదువుతుంటే ఆమె కళ్లు మూసుకుని వింటుంది. ఆ మధ్య ఒక డిటెక్టివ్ నవల మొదలుపెట్టాం. అందులో డిటెక్టివ్ మహా మొండివాడు. దెబ్బలు తింటాడు, వెటకారంగా మాట్లాడతాడు, ఎవరినీ నమ్మడు. "రాయి" అని మా టీచరు తీర్మానించేసింది.

ఇంజను చప్పుడుకు నేను గొంతు పెంచక తప్పేది కాదు. వారం తిరిగేసరికి ముందు సీట్ల వాళ్లు వెనక్కి తిరిగి కూర్చుంటున్నారు. కండక్టరు టికెట్లు కొట్టడం అయ్యాక మా సీటు పక్కనే నిలబడేవాడు.

ఆఖరి అధ్యాయానికొచ్చాం. డిటెక్టివ్ ఇష్టపడ్డ మనిషే హంతకురాలని తేలింది. ఆమెను పోలీసులకు అప్పగించి గదికొచ్చాడు. కాఫీ కాచి రెండు కప్పుల్లో పోశాడు. ఒకటి తాగాడు. రెండోది చల్లారేదాకా చూస్తూ కూర్చున్నాడు.

"ఏం మనిషప్పా, కంట్లో నీళ్లు కూడా రాలేదే," అన్నాడు కండక్టరు.

వెనక సీట్లో కూతురింటికి పోతున్న ఆలూరు పెద్దామె ముందుకు వంగింది.

"నీళ్లొస్తేనే ఏడ్సినట్లా నాయనా? రెండో కప్పు ఎవురికి పోసినాడు మరి? మా ఇంటాయనా అంతే. బిడ్డను అత్తారింటికి పంపినాక ఒక్క మాట మాట్లాడలే. పొద్దు మునిగేదాకా గొడ్ల పాక ఊడ్సినాడు. ఊడ్సిందే ఊడ్సినాడు. ఎద్దులు బెదిరిపోయినాయి."

బస్సంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ ఆమే నవ్వింది. మా టీచరు కళ్లు తెరిచింది. తడిగా ఉన్నాయి.

ఎమ్మిగనూరు స్టాండు వచ్చేసింది. ఇంకా కాస్త కథ మిగిలే ఉంది. ఎవరూ లేవలేదు. డ్రైవరు ఇంజను ఆపి, "ముగించండి మేడం. ఆయప్ప ఏమైనాడో తెలీకుండా నేను దిగను," అన్నాడు.

చదివాను. మర్నాడు డిటెక్టివ్ జైలు గేటు దగ్గర ఆమెకని ఒక శాలువా ఇచ్చి, పేరు చెప్పకుండా వెళ్లిపోయాడు.

"సెప్పినా కదా," అంది పెద్దామె, సంచి సర్దుకుంటూ.

బడికి పోయేసరికి ప్రార్థన అయిపోయింది. ఆలస్యం ఎందుకైందని హెడ్మిస్ట్రెస్ అడిగింది. మా టీచరు ఏదీ దాచకుండా కాఫీ దగ్గర్నుంచి ఎద్దులదాకా అంతా చెప్పింది. హెడ్మిస్ట్రెస్ చెయ్యి చాపింది.

"ఏదీ, ఆ పుస్తకం ఇట్లియ్యండి."

మళ్లీ అది నా చేతికి రాలేదు. ఇప్పుడది వాళ్లాయన చదువుతున్నాడట.