బదనిక కాదండీ

నేను ముప్పై ఏళ్ళు ఒక కాలేజీ బోటనీ ల్యాబులో అటెండరుగా పనిచేశాను. పాఠాలు చెప్పింది లెక్చరర్లు. మొక్కల్ని ఎండబెట్టి, అట్టలకు అంటించి, బీరువాల్లో సర్దింది నేను. ఆ అట్టల మీద పువ్వులు నాలుగేళ్ళు తిరిగేసరికి పొడిపొడిగా రాలిపోయేవి. మిగిలేవి ఆకులూ వేళ్ళూ. ప్రాక్టికల్స్ రోజుల్లో ఎవరు ఏ అట్ట అడిగినా కింద రాసిన పేరు చూడకుండానే తీసిచ్చేదాన్ని. పువ్వును చూసి మొక్కను పోల్చడం గొప్పేమీ కాదని నాకు అప్పుడే అనిపించేది. పూశాక ఎవరైనా పోలుస్తారు.

రిటైరయ్యాక గవర్నర్‌పేటలో ఒక పాత అపార్టుమెంటులో కింది ఫ్లాటు కొనుక్కున్నాను. మా తమ్ముడు గన్నవరం దగ్గర మామిడితోటలో పనిచేస్తాడు. కాయ కోతలయ్యాక అక్కడ చెట్లెక్కి బదనిక కొట్టేస్తారు. బదనిక అంటే మామిడికొమ్మలోకి వేళ్ళు దించి, దాని రసం తాగి బతికే మొక్క. వదిలేస్తే కొమ్మలకు కొమ్మలే ఎండిపోతాయి. అందుకని కొమ్మ మీద పరాయి ఆకు కనిపిస్తే చాలు, వాళ్ళకు అదీ బదనికే. రెండేళ్ళ కిందట నేను వెళ్ళేసరికి కొట్టిందంతా తగలబెట్టడానికి గట్టు మీద కుప్ప పోసి ఉంది. అందులోంచి తెల్లటి లావుపాటి వేళ్ళు వేలాడుతున్నాయి. లాగాను.

"అదీ బదనికేలే అక్కా, పారెయ్," అన్నాడు తమ్ముడు.

"నీ మొహం. బదనికకి ఇలాంటి వేళ్ళుంటాయా?"

సీసాలో మంచినీళ్ళు ఆ వేళ్ళ మీద పోశాను. చూస్తుండగానే తెలుపు పోయి పచ్చబడ్డాయి. ఆర్కిడ్. ఏ ఆర్కిడ్ అన్నది ఆకులు చెప్పాయి. సన్నగా, మధ్యకు మడిచినట్టు గాడి తేలి, చివర్న ఎలుక కొరికినట్టు ఉన్నాయి. వాండా. ఇలాంటి అట్టలు నా చేతుల మీదుగా ఎన్ని వెళ్ళాయో లెక్కలేదు. గుడ్డసంచిలో వేసుకుని బస్సెక్కాను.

మా అపార్టుమెంటు ఆవరణలో ఉన్నది ఒక్కటే వేపచెట్టు. దాని మానుకు, నాకు చెయ్యి అందే ఎత్తులో, పాత నూలుచీర పేలికలతో మొక్కను కట్టాను. కొన్నాళ్ళకు కొత్త వేళ్ళు బెరడును పట్టుకున్నాయి. అప్పుడు ఒక రేకుముక్క మీద మార్కరుతో పేరు రాసి పక్కన వేలాడదీశాను.

ఆ రేకే నా కొంప ముంచింది. అసోసియేషన్ సెక్రటరీ గారు అటు వెళ్తూ చదవడానికి ఆగారు. ఆయనది ఉయ్యూరు.

"ఏంటండీ ఇది? బదనికని తెచ్చి చెట్టుకి కట్టారా? మా దొడ్లో మామిడిచెట్టుని నిలువునా తినేసిందండీ ఇది. ఇక్కడున్నదే ఒక్క చెట్టు!"

"బదనిక కాదండీ, ఆర్కిడ్. ఊరికే పట్టుకుని ఉంటుంది. చెట్టు దగ్గర ఏమీ తీసుకోదు."

"పట్టుకున్నాక తినకుండా ఉంటుందా?"

మూడో అంతస్తులో ఉంటారు, నేను ల్యాబులో ఎవరి కింద పనిచేశానో ఆ లెక్చరర్ గారు. ఆయన్ని పిలిపించారు. ఆయన కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుతూ చూశారు. "ఆర్కిడ్‌లాగే ఉందమ్మా. కానీ వాండానో, అకాంపేనో, పువ్వు రాకుండా చెప్పకూడదు. తొందరపడ్డావు." అని నా మార్కరే అడిగి తీసుకుని, రేకు మీద పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టారు.

అకాంపే కూడా ఆర్కిడే, కాకపోతే దాని ఆకు దళసరిగా, చెప్పు అట్టలా ఉంటుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ముప్పై ఏళ్ళు ఆయన చెప్పిన పేర్లన్నీ మారుమాట లేకుండా రాశాను. నా అంతట నేను రాసింది ఒక్క పేరు, దానికి ప్రశ్నార్థకం. ఒళ్ళు మండిపోయింది.

సెక్రటరీ గారి చెవికి మాత్రం "చెప్పకూడదు" అన్నదొక్కటే ఎక్కింది. ఎండాకాలం వెళ్ళేలోగా పూస్తే ఉంచుదాం, లేకపోతే పీకించేద్దాం అని తీర్పు చెప్పేశారు. చెట్టు నుంచి ఊడబెరికిన మొక్క మళ్ళీ పూయడానికి రెండు మూడేళ్ళు పట్టినా పట్టవచ్చు. అదే చెప్పాను. ఎవరూ వినలేదు.

ఎండాకాలం వెళ్ళింది. పూయలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వాచ్‌మన్ కొడవలితో వేపచెట్టు దగ్గర నిలబడి ఉన్నాడు. పక్కనే సెక్రటరీ గారు. బైబిలు సంచి భుజాన ఉండగానే వెళ్ళి మొక్కకు అడ్డంగా నిలబడ్డాను.

"ఒక్క నిమిషం ఆగండి. ఆ తర్వాత మీ ఇష్టం."

ఆదివారం పీకించేస్తారని వాచ్‌మన్ ముందే నా చెవిన వేశాడు. ముందురోజే తమ్ముడి చేత అసలు బదనిక ఉన్న మామిడికొమ్మ తెప్పించి బకెట్లో పెట్టాను. తెచ్చి సెక్రటరీ గారి చేతికిచ్చాను. "ఇదీ బదనిక. కొమ్మ నుంచి పీకండి."

ఆయన పీకారు. రాలేదు. గట్టిగా లాగితే కొమ్మే విరిగింది. అతికిన చోట బుడిపె కట్టి, ఏది మామిడో ఏది బదనికో తెలియకుండా కలిసిపోయి ఉంది.

తర్వాత నా మొక్క వేరు ఒకటి నేనే గోటితో లేపాను. ప్రాణం ఉసూరుమంది. వేరు మెల్లగా ఊడి వచ్చింది. "ఇప్పుడు ఇక్కడ వేలు పెట్టి చూడండి. చిల్లుందా?"

ఆయన వేలు పెట్టి బెరడంతా తడిమారు. ఒక్క చిల్లు లేదు.

"మా మామిడిచెట్టు మీద ఇవీ ఉండేవండీ," అన్నారు చివరికి. "అన్నీ కలిపి కొట్టించేశాను." వాచ్‌మన్‌ను వెళ్ళిపొమ్మని, ఆయనా వెళ్ళిపోయారు.

పై బాల్కనీలోంచి లెక్చరర్ గారు అంతా చూస్తున్నారు. "పూసినప్పుడు నన్ను పిలువమ్మా, పేరు ఖాయం చేద్దాం," అన్నారు.

"అలాగే సార్" అన్న మాట ముప్పై ఏళ్ళ అలవాటుకొద్దీ నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"ఖాయమే సార్," అన్నాను.

లోపలికెళ్ళి గుడ్డ ముక్క స్పిరిట్‌లో ముంచి తెచ్చి ఆ ప్రశ్నార్థకాన్ని తుడిచేశాను. మొక్క ఈ రోజుకీ పూయలేదు. ఆ పువ్వును చూడాలని నాకూ ఉంది, లేకేం? కానీ పూసిన రోజు మూడో అంతస్తుకు మాత్రం కబురు పంపను.