బీరి తుపాకికి బాకు దొరికిన సంగతి

ఎర్నస్ట్ బీరి ముప్ఫైనాలుగేళ్ళు మా ఊరు షూప్‌హైమ్‌లో ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఒకరి జోలికి పోడు. తాగినా ఆదివారం రెండు గ్లాసులే. ఇంత బుద్ధిమంతుడికి దేవుడు ఒకే ఒక్క పిచ్చి పెట్టాడు, అది తుపాకి పిచ్చి. మా లోయలో తుపాకి లేని ఇల్లెక్కడుంది గనక? కుర్రాడు సైన్యంలో శిక్షణకు వెళ్ళొస్తే తుపాకి కూడా వెంట వచ్చి బీరువాలో కోటు పక్కన చేరుతుంది. అందుకే బీరి తన తుపాకి గురించి మొదలుపెడితే జనం నవ్వి, కాఫీ చల్లారిపోతోందని గుర్తుచేసేవారు.

కానీ ఆయన దగ్గరున్నది మామూలు తుపాకి కాదు. లూసెర్న్ ఆయుధాల సంతలో, సైన్యం వదిలించుకున్న పాత సరుకు గుట్టలో దొరికింది. ఆ రకం కార్బైన్లు, అంటే పొట్టి గొట్టం తుపాకులు, మొట్టమొదట పరీక్షకోసమని కొన్నే చేశారు. ఇది వాటిలోది. గొట్టం మీదా, బోల్టు మీదా, గుళ్ళపెట్టె మీదా ఒకటే అంకె. అది చూసిన క్షణాన బీరికి కాళ్ళు వణికాయట. పక్కనున్న భార్య రోజ్మరీకి ఆకలితో వణికాయనిపించి సాసేజి కొనిపెట్టింది.

ఆ తర్వాత పదకొండేళ్ళు దానికి చెందిన సామాను కోసం ఆయన తిరగని సంత లేదు. తుపాకి తయారైన సంవత్సరమే ముద్రపడ్డ తోలు పట్టీ తున్‌లో దొరికింది. మూతి తొడుగు ఒక చర్చి గంటలవాడి దగ్గర దొరికింది. నూనె బుడ్డీ, బ్రష్షూ ఉన్న రేకుడబ్బా కూడా చేరింది. మిగిలింది బాకు ఒక్కటే. గొట్టం చివర తగిలించే ఆ బాకు మీద దాని అంకె దానికి వేరే ఉంటుంది. ఏ తుపాకికి ఏ బాకు ఇచ్చారో దాన్ని మోసిన సిపాయి సర్వీసు పుస్తకంలో మాత్రమే రాసి ఉంటుంది. సిపాయి ఎవరో తెలియనిదే పుస్తకం దొరకదు, పుస్తకం దొరకనిదే బాకు దొరకదు.

సిపాయి పేరు మాత్రం ఎక్కడుంటుందో మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. భుజానికి ఆనే చెక్క చివర ఇనప పలక ఉంటుంది. దాని కింద తన పేరు, ఊరు రాసిన కాగితం ముక్క పెట్టుకోవడం మన సిపాయిలకు అలవాటు. రెండు మరలు విప్పితే చాలు. బీరి విప్పడే!

"ఆ మరలమీద ఇంతవరకు స్క్రూడ్రైవరు పడలేదు రోజ్మరీ. గీత పడిందంటే పరువు పోయినట్టే."

"ఎవరి పరువు, మరదా, నీదా?"

"నీకు చెప్పినా అర్థం కాదు."

"నాకెందుకు అర్థం కాదూ. పిల్లను చంకలో పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నావు. ఈ సామెత పుట్టింది నీకోసమే."

ఒక మార్చి నెల పొద్దున్న ఆయన క్షవరానికి వెళ్ళగానే, రోజ్మరీ ఆయన స్క్రూడ్రైవర్లలో సరిగ్గా పట్టేది ఏరి, తుపాకిని వంటబల్లమీద దుప్పటి పరిచి పడుకోబెట్టి, రెండు మరలూ విప్పేసింది. గీత పడలేదు. బీరి ఇంటికొచ్చి ఆ దృశ్యం చూసి "అయ్యో, అయ్యో" అని కుర్చీలో కూలబడ్డాడు. ఆమె పసుపురంగుకు తిరిగిన కాగితం ముక్క ఆయన ముందు పెట్టింది. మెల్కియోర్ స్టాడెల్మన్, పుట్టింది 1912, ఊరు ఫ్లూలీ.

ఫ్లూలీ అంటే పక్క కొండ. బస్సులో పావుగంట! పదకొండేళ్ళు దేశమంతా గాలించిన పెద్దమనిషికి అప్పుడు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పైగా ఆ మెల్కియోర్ బతికే ఉన్నాడని పోస్టాఫీసులో ఒక్క ప్రశ్నతో తేలింది. తొంభైనాలుగేళ్ళు.

మరుసటి ఆదివారం బీరి తుపాకి భుజాన వేసుకుని కొండెక్కాడు. తలుపు తీసింది మెల్కియోర్, అదే ఊరందరి మెల్క్ తాత, కూతురు అగాతా, డెబ్భై దాటిన మనిషి. తాత పొయ్యి పక్క బెంచీమీద కూర్చుని ఉన్నాడు. బీరి తన సంగతి చెప్పుకుంటుండగానే, తుపాకి వంకైనా చూడకుండా, అయిదంకెలు గడగడా అప్పజెప్పాడు. బీరి గొట్టం వైపు చూసుకున్నాడు. ఒక్క అంకె తేడా లేదు.

"బాకు ఉందాండీ?" అన్నాడు బీరి.

"ఉండకేం. అగాతా, ఎక్కడే?"

"సెల్లార్లో ఉంది నాన్నా. దుంపల పెట్టెలు తెరవడానికి వాడుతున్నాం."

బీరికి ప్రాణం గిలగిల్లాడింది. దుంపల పెట్టెలా!

అసలు కథ అగాతా చెప్పింది. యాభైఒకటిలో అడవిలో దుంగ దొర్లి తాత ఎడమ భుజం విరిగింది. సైన్యానికి పనికిరావని కాగితం వచ్చింది. సర్వీసు పూర్తిచేసినవాడికి తుపాకి సొంతమవుతుంది, మధ్యలో పడిపోయినవాడిది వెనక్కి పోతుంది. సైన్యం మనుషులు ఇద్దరు వచ్చి తుపాకిని పట్టుకుపోయారు. ఆ రోజు అగాతా వాళ్ళమ్మ బాకుతో పొయ్యిలోకి పుల్లలు చీలుస్తోంది, వాళ్ళను చూడగానే దాన్ని ఏప్రాన్ కింద దాచి, పోయిందని అబద్ధమాడింది. ఆ తర్వాత తాత గురి పోటీలకు పోలేదు. గెలిచిన పతకాలు పెట్టెలో పడేశాడు. సాయంత్రాలు సత్రంలో మగవాళ్ళు తుపాకుల కబుర్లు మొదలుపెడితే లేచి వచ్చేసేవాడు.

"పాత సంగతులెందుకే," అని తాత కసురుకున్నాడు. తర్వాత బీరివైపు తిరిగి, "అబ్బాయ్, బాకు తీసుకో. ఊరికే కాదు. జూన్‌లో ఊళ్ళన్నీ కలిసి గురి కొట్టే పండగ ఉందిగా, ఆ రోజు పద్దెనిమిది గుళ్ళూ నేను దీంతో కొడతాను," అన్నాడు.

అబ్బాయికి అరవైఎనిమిది. ఆ తుపాకితో ఆయన ఒక్క గుండైనా కాల్చి ఎరుగడు. గొట్టం లోపల అద్దంలా ఉంచుకున్నాడు. కాలిస్తే మసి, నేలమీద పెడితే గీత. ఇంటికొచ్చి రెండు రాత్రులు దొర్లాడు. "తొంభైనాలుగేళ్ళ వాడు అడిగింది అరగంట. నీకు గొట్టం మీద బెంగ. సిగ్గులేదూ?" అంది రోజ్మరీ. సిగ్గు ఉంది. అందుకే ఒప్పుకున్నాడు. బాకు మీద ఆశ అంతకంటే ఎక్కువే ఉందనుకోండి.

జూన్‌లో ఆ రోజు ఎండ బాగా కాసింది. బీరి గడ్డిమీద ఉన్ని దుప్పటి పరిచి, తుపాకి ఆనడానికి ఇసుక సంచీమీద ఇంకో గుడ్డ కప్పాడు. తాతను ఇద్దరు పట్టి పడుకోబెట్టారు. పడుకున్నాక మాత్రం ఆయనకు ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. బోల్టు లాగడం, తొయ్యడం, ఊపిరి బిగబట్టడం, అన్నీ వాటంతటవే వచ్చాయి. చూపు ఆనక నాలుగు గుళ్ళు గురిబోర్డే తప్పాయి. పతకానికి రెండు పాయింట్లు తక్కువయ్యాయి. అయినా చుట్టూ ఉన్నవాళ్ళంతా లేచి చప్పట్లు కొట్టారు. తాత లేచి నిలబడి, ఎండకో, మరి దేనికో, కళ్ళు తుడుచుకున్నాడు.

అన్నమాట ప్రకారం అగాతా గుడారంలో బీరి చేతికి వంటింటి తువ్వాల్లో చుట్టిన బాకూ, సిపాయి పుస్తకమూ ఇచ్చింది. ఇక బీరికి లోకం కనబడలేదు. కళ్ళజోడు మార్చి, పుస్తకంలో అంకె చూసి, బాకు మీద అంకె చూసి, మళ్ళీ పుస్తకం చూసి, ఒర తోలు వాసన కూడా చూశాడు. దుంపల పెట్టెలు తెరిచినా మొన చెక్కుచెదరలేదు. ఆనందం పట్టలేక తల ఎత్తి చూసేసరికి తాత లేడు, తుపాకీ లేదు.

"ఇందాకే ఎవరిదో ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాడు," అని ఎవరో సాసేజి నములుతూ చెప్పారు. "తుపాకి భుజానేసుకుని."

బీరి ఖాళీ దుప్పటి దగ్గరికి పరిగెత్తాడు. ఎంత పొరపాటు! గురి కొట్టడం అయిపోయిన మా లోయ మనిషి ఏం చేస్తాడు? తన తుపాకి తాను ఇంటికి పట్టుకుపోతాడు. తాతా అదే చేశాడు. బీరి, అగాతా బస్సు పట్టుకుని కొండెక్కారు.

వాళ్ళు చేరేసరికి తాత బెంచీమీద నిద్రపోతున్నాడు. బల్లమీద నూనె గుడ్డలున్నాయి. కోటుకు పాత పతకాలు వరసగా గుచ్చి ఉన్నాయి. అగాతా వాటివంక చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా బీరువా తలుపు తీసింది. లోపల ఒక మేకుకు తుపాకి వేలాడుతోంది, శుభ్రంగా తుడిచి, మూతికి తొడుగు తొడిగి.

"ఇన్నేళ్ళూ ఈ మేకుకు ఏ బట్టా తగిలించనిచ్చేవాడు కాదు," అంది. "క్షమించండి బీరి గారూ. నిద్రలో ఉండగానే తీసుకెళ్ళిపోండి. లేచాక నేనేదో చెప్పుకుంటాను."

బీరి పట్టీ పట్టుకుని తుపాకిని మేకునుంచి తీశాడు. చంకలో బాకు ఉంది. పదకొండేళ్ళ తపస్సు చేతికందింది. మూడడుగులు వేస్తే వీధి.

"లేచాక ఏం చెప్తారు?" అన్నాడు.

"ఏం చెప్తాను? మళ్ళీ వచ్చి పట్టుకుపోయారని చెప్తాను."

బీరి అక్కడే నిలబడిపోయాడు. ఏడుపొచ్చింది ఆయనకు, నిజంగానే వచ్చింది. ఆ తుపాకిని ఆయన ప్రేమించినట్టు ఈ లోకంలో ఇంకెవరూ ప్రేమించలేదనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది పచ్చి అబద్ధమని చెప్పే సాక్ష్యం ఆ బెంచీమీద గురకపెడుతోంది. తిరిగి మేకుకు తగిలించాడు. రెండుసార్లు మేకు తప్పింది.

ఆ చప్పుడుకు తాత కళ్ళు తెరిచాడు. బీరినీ, ఆయన చంకలోని బాకునూ మార్చిమార్చి చూశాడు.

"అబ్బాయ్, ఆ బాకు నాదిగదూ?"

"మీదే పెద్దాయనా. ఇద్దామనే వచ్చాను," అని బీరి దాన్నీ తీసుకెళ్ళి తుపాకి పక్కన పెట్టాడు.

తర్వాత బల్ల దగ్గర కూర్చుని, ఆయుధం చేతులు మారినప్పుడు రాయాల్సిన ఒప్పందం కాగితం, బాకు కోసమని తెచ్చుకున్నది, తీశాడు. ఇచ్చేవారు అన్నచోట తన పేరు రాశాడు. పుచ్చుకునేవారు అన్నచోట స్టాడెల్మన్ పేరు రాశాడు. అంకెలు రెండూ చూడకుండానే రాశాడు. తాత వంకరటింకరగా సంతకం పెట్టాడు.

"ఈ కాగితం జాగ్రత్త పెద్దాయనా," అన్నాడు బీరి. "పదేళ్ళు దాచాలని చట్టం."

తాత దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"పదేళ్ళేగా," అన్నాడు. "దాస్తాలే."