ఉయ్యాలో అనే గొంతు

మా కులసంఘం పెద్దమనిషికి నా పాట కావలసి వచ్చినప్పుడల్లా నేను చెల్లెల్ని. మిగతా రోజుల్లో ఎదురుపడినా ఎవరో అన్నట్టు స్కూటర్ పోనిస్తాడు. సూరత్‌లో సాంచెలు, అదే మరమగ్గాలు, నడుపుకునే మా తెలంగాణ వాళ్లు బతుకమ్మ ఆడితే ముందు పాట అందుకునేది నేనే. ఆ పాటలు కట్టేదీ నేనే. మైకు మాత్రం ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది.

లాక్‌డౌన్‌లో సాంచెలు ఆగిపోయాక ఈయనగారు ఇంటింటికీ సంచులు పంచాడు. అందరి చందాలతో కొన్న గోధుమపిండి, పప్పు. సంచి మీద మాత్రం చేతులు జోడించిన ఆయన బొమ్మ. అత్తసొమ్ము అల్లుడు దానం అంటే ఇదే. ఊరి శివారున ఉన్ బస్తీలో మా గడప ముందుకొచ్చి, మా ఆయన చేతికి సంచి ఇచ్చి, మాస్కు తీయించి మరీ ఫోటో తీసుకున్నాడు. థూ!

ఆ వానాకాలంలోనే మా అత్త కరోనాతో పోయింది. ప్లాస్టిక్‌లో చుట్టి తీసుకుపోయారు. మా ఆయన దూరంగా నిలబడి చూసి వచ్చాడు. రాగం తీసి ఏడవడానికి నలుగురు ఆడవాళ్లు కూడా రాలేదు.

పెళ్లయిన కొత్తలో పాట ధ్యాసలో పప్పు మాడబెట్టానని ఆవిడ నన్ను తిట్టని తిట్టు లేదు. "పూటకింత పాట తిని పండుకుందామానె?" అనేది. మా ఆయనది ఏళ్ల తరబడి ఒకటే ముక్క: "పాటలు పాడితే కడుపు నిండుతదా?" పిల్లలు పుట్టి నాకు ఊపిరాడని రోజుల్లో మాత్రం అత్తే నన్ను జరిపి పొయ్యి దగ్గర నిలబడింది. నేను సాంచెలకి నూలు కండెలు చుడుతూ ఒక పాదం అనేదాన్ని. వంటింట్లోంచి ఆవిడ "ఉయ్యాలో" అనేది. ఆ మాట వెంటనే పడితే పాదం కుదిరినట్టు. ఆవిడ ఆగిపోయిందా, పాదం కుంటిది, మార్చాల్సిందే. నా పాటలన్నీ ఆ పరీక్ష నెగ్గినవే.

బతుకమ్మ దగ్గర పడగానే పెద్దమనిషి ఫోన్ చేశాడు.

"చెల్లే, ఈసారి ఫోన్లనే ఆడుదాం. మీ ఇంట్ల సావు అయింది గద, ఏడాది దాకా బతుకమ్మ పేర్చద్దు. గని పాట నువ్వే పాడాలె. జర నా పేరు ఒక చరణంల పడేటట్టు చూడు."

నా ఇంటికి మైలట, నా గొంతుకు లేదట! ఏ శాస్త్రంలో ఉందో అడగాలనిపించింది. "సరే అన్నా" అని ఊరుకున్నాను. ఆయన పేరు పొగడడానికి కాదు. అత్త మీద ఒక పాట కట్టుకున్నాను, దానికి నలుగురి నోటా ఉయ్యాలో పడాలి. ఏడుపుకి రానివాళ్లు పాటకైనా వస్తారనుకున్నాను.

ఆ సాయంత్రం ఒట్టి చాప మీద కూర్చున్నాను. మా ఆయన ఫోన్ పట్టుకున్నాడు. తెర మీద గళ్లు గళ్లుగా ఆడవాళ్లు, తంగేడు దొరక్క బంతిపూలతో పేర్చిన బతుకమ్మలు, ఒక గడిలో శాలువా కప్పుకున్న పెద్దమనిషి. ఇంట్లో కూర్చున్నవాడికి శాలువా ఎవరు కప్పారో!

"పప్పు మాడిపోయె" అని ఎత్తుకున్నాను. ఉయ్యాలోలు ఒకదాని వెనక ఒకటి ఆలస్యంగా వచ్చిపడి గోలగోలైంది. ఫోన్‌లో అందరూ ఒక్కసారి అందుకోవడం కుదరదని ఆ మహానుభావుడికి ముందే తట్టలేదు. "అందరు మ్యూట్ జేసుకోండ్రి! చెల్లె ఒక్కతే పాడుతది" అని అరిచాడు.

బదులు చెప్పేవాళ్లు లేని బతుకమ్మ పాట! ఆ తెలివికి ఇంకో శాలువా కప్పాలి. తెర మీద పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. "అత్త పాట మాడనియ్యదు" అని ఆగాను. అలవాటు కొద్దీ తల వంటింటి వైపు తిరిగింది.

"ఉయ్యాలో" అన్నాడు మా ఆయన. శ్రుతి లేదు, తాళం లేదు, నూనె లేని సాంచె కీచుమన్నట్టు ఉంది.

"ఎవడా మొగగొంతు? బంద్ చెయ్యిండ్రి!" ఫోన్లోంచి పెద్దమనిషి కేకేశాడు. "చెల్లే, నా చరణం ఎప్పుడొస్తది?"

మా ఆయన ఫోన్‌ని చాప మీద బోర్లా పడేశాడు.

"నువ్వు పాడవే" అన్నాడు.

పాడాను. పాదం పాదానికీ ఆయన అందుకున్నాడు. ఇంత అధ్వాన్నంగా బతుకమ్మ పాటకు ఎవరూ బదులు చెప్పి ఉండరు. "ఏడ్వ నలుగురు లేక ఒక్కతె పోయింది" అన్నచోట మాత్రం ఉయ్యాలో రాలేదు. పాదం కుంటిదేమో, మార్చాలేమో అనుకుంటూ ఇటు తిరిగాను. పాదం బాగానే ఉంది. ఆయన ఏడుస్తున్నాడు.