సాయానికి నాలుగు మాటలు, ఒక ఇనుప ముక్క

నా చిన్నప్పుడు మా బాపు ఉద్యోగం పేరు హెల్పర్. ఒక సర్కారు వర్క్‌షాపులో పదకొండేళ్లుగా అదే పేరు. ఫిట్టర్లు ఇనుము కోస్తుంటే పట్టుకోవాలి, అడిగిన సామాను అందించాలి, పనయ్యాక అంతా తుడవాలి. హెల్పర్‌కు సొంత పనిముట్లు ఉండవు. ఒకరోజు నేను అన్నం డబ్బా ఇవ్వడానికి గేటు దగ్గరికి పోయినప్పుడు, మీసం కూడా సరిగ్గా రాని ఫిట్టరు ఒకడు బాపును "అరే హెల్పర్" అని కేకేశాడు. బాపు నా మొహం చూడకుండా డబ్బా అందుకుని లోపలికి పోయాడు. ఆ పిలుపు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది.

ఆ ఏడాది అసిస్టెంట్ ఫిట్టర్ పోస్టు ఒకటి ఖాళీ అయింది. కావాలన్నవాళ్లు పెద్దసాబు ముందు తమ చేతితో చేసిన ఇనుప ముక్క ఒకటి చూపించాలి. ఆయన అడిగిన రెండు మూడు ఇంగ్లీషు మాటలకు అర్థం చెప్పాలి. ఇనుము గురించి బాపుకు దిగులు లేదు. మాటలంటేనే భయం.

మేము హుస్సేనీ ఆలంలో ఒక పాత ఇంట్లో చిన్న వాటాలో ఉండేవాళ్లం. పక్క వాటాలోని అక్క మెట్రిక్ పాసై, పత్తర్‌గట్టిలో టైపు నేర్చుకుంటుండేది. సాయంత్రాలు వాకిట్లో కూర్చుని బాపుకు ఇంగ్లీషు చెప్తానంది. నన్నెవరూ బడికి పంపలేదు. తమ్ముణ్ణి చంకనేసుకుని నేనూ వినేదాన్ని.

అక్క మొదట ఎత్తుకున్న మాట హెల్ప్. బాపు ఉద్యోగం పేరులోనే ఉంది కనుక సాబు అదే అడుగుతాడని ఆమె నమ్మకం. తన చిన్న డిక్షనరీ తెరిచి చూస్తే ఆ ఒక్క మాట వెనకాల ఇంకో మూడు వచ్చి నిలబడ్డాయి. ఎయిడ్, అసిస్ట్, సపోర్ట్. నాలుగింటికీ తెలుగులో సహాయమనే రాసి ఉందట.

"గీ నాలుగూ సాయమే అయితే, ఒక్కటి సాలదా బిడ్డా?" అన్నాడు బాపు.

"తేడా ఉంటది కాకా. దెబ్బ తాకినోళ్లకు చేసేది ఎయిడ్. పక్కన నిలవడి పనిల చెయ్యేసేది అసిస్ట్. పడిపోకుంట పట్టేది సపోర్ట్. హెల్ప్ అంటే అన్నిట్లకు వస్తది."

"మరి పదకొండేండ్ల సంది నేను చేసింది ఏంది? ఫిట్టరు ఏలు కోసుకుంటే గుడ్డ కట్టిన. పక్కన నిలవడ్డ. పడకుంట పట్టిన. అన్నీ చేస్తి గదా, అసిస్టెంటును ఎందుకు కాలే?"

అక్క జవాబు కోసం మళ్లీ పేజీలు తిప్పింది. లోపల రొట్టెలు కాలుస్తున్న అమ్మ అక్కడి నుంచే అంది, "సాబు అడిగితే నాలుగూ ఒక్కపారే చెప్పు. ఏదో ఒకటి తగుల్తది."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఎందుకంటే నిజంగానే ఏమీ తెలియలేదు. నేను తమ్ముణ్ణి మోస్తున్నాను కదా, అది ఏది? వాడు పడకుండా పట్టాను కనుక సపోర్టా? అమ్మ పనిలో చెయ్యేసినట్టు కనుక అసిస్టా? ఎవరినైనా అడిగితే పిచ్చిపిల్ల అంటారని ఊరుకున్నాను.

బాపు జుమ్మెరాత్ బజారులో పాత ఇనుము కుప్పలన్నీ వెతికి అరచేయంత ముక్క తెచ్చాడు. దాని నాలుగు అంచులూ ఆకురాయితో రాకి, అరగదీసి తిన్నగా చెయ్యాలి. అంచుకు మూలమట్టం ఆనించి ఆకాశం వైపు ఎత్తితే, సందులోంచి సన్నని వెలుతురు కూడా కనబడకూడదు. కొలత సాబు చెప్పినంతే ఉండాలి. ఇనుమును బిగించే వైసు మా ఇంట్లో ఎక్కడిది? అందుకని బాపు ఒక మందపు చెక్కకు గాడి తీసి, ముక్కను అందులో దిగ్గొట్టి, చెక్కను రెండు ఇటుకల మీద పెట్టాడు. ఆ చెక్కను అమ్మ పట్టుకునేది. నెల రోజులకు మూడు అంచులు అయ్యాయి. నాలుగోది పరీక్షకు ముందు ఆదివారానికి మిగిలింది. ఆ ఆదివారం అమ్మకు జ్వరం వచ్చింది. బాపు నన్ను పిలిచాడు.

"గట్టిగ పట్టు బిడ్డా" అన్నాడు. అంతే.

నేను ఎదురుగా కూర్చుని రెండు చేతులతో పట్టాను. బాపు పనిలో నా చెయ్యి పడటం అదే మొదలు. ఆయన చెమటలు కక్కుతూ రాకుతుంటే నాకు మనసు ఆగలేదు. ఊరికే పట్టుకుని కూర్చుంటే అది సాయమెట్లా అవుతుంది? అందుకని ఆకురాయి నా వైపు వచ్చినప్పుడల్లా చెక్కను కాస్త ఎత్తి ఆయన వైపు నెట్టడం మొదలుపెట్టాను. ఇనుప రజను ఎక్కువ రాలుతున్నట్టు కనబడింది. నాకు లోపల ఒకటే సంబరం. బాపు చూపంతా అంచు మీదే ఉంది, నా చేతులు చూడలేదు.

కాసేపటికి ఆయన ముక్కను తీసి, మూలమట్టం ఆనించి, ఆకాశం వైపు ఎత్తాడు. కొనల దగ్గర వెలుతురు కనబడింది. అంచు నడుమ ఎత్తుగా, రెండు కొనల్లో పల్లంగా తయారైంది.

"ఏం చేసినవే?"

"సాయం చేసిన బాపూ."

చెంప మీద పడుతుందని కళ్లు మూసుకున్నాను. పడలేదు. ఆయన నన్ను లేపి తన చోట కూర్చోబెట్టాడు. ఒక పనికిరాని ముక్కను చెక్కలో పెట్టి, ఆకురాయి నా చేతికిచ్చి, తాను ఎదురుగా కూర్చుని చెక్క పట్టుకున్నాడు. రాకమన్నాడు. రాకాను. బాపు పట్టిన చెక్క బండలా కదలకుండా ఉంది. చెయ్యి తిన్నగా పోయింది, తిన్నగా వచ్చింది. నాకు ధైర్యం వచ్చి ఇంకా గట్టిగా నెట్టిన క్షణాన ఆయన చెక్కను ఎత్తి నా వైపు నెట్టాడు. ఆకురాయి జారి, నేను ముందుకు తూలాను.

"గిట్లనే చేసినవ్ నువ్వు" అన్నాడు. కోపం లేదు గొంతులో. "నా చెయ్యి ఎటు పోతదో నీకు ఎరుకనా? లేదు. నువ్వు కదిలితే నేను దేన్ని నమ్ముకొని రాకాలె? పట్టేటోడు కదలొద్దు. గదే ఆని పని."

ఆ తర్వాత ఒక్కడే కూర్చుని, చెక్కను కాళ్లతో అదిమిపట్టి, ఆ ఎత్తును అరగదీశాడు. సాయంత్రానికి అంచు తిన్నగా వచ్చింది. ముక్క మాత్రం కొలతకు తక్కువైంది. ఇంకో ముక్క లేదు, ఉన్నా చేసే సమయం లేదు.

సోమవారం దాన్నే పట్టుకుని పోయాడు. సాయంత్రం వచ్చి చెప్పులు విడుస్తూ అమ్మతో "కొలత తక్కువన్నడు" అన్నాడు. ఇంగ్లీషు మాటలు అడిగాడా అంటే ఒక్కటి కూడా అడగలేదట.

"పోరి ఖరాబ్ చేసిందని చెప్పకపోయినవా?" అంది అమ్మ.

"గట్టిగ పట్టుమన్న. కదలకు అన్ననా? అనలే. దాన్ని ఏం అంటం?"

నేను తలుపు చాటునే ఉన్నాను. రెండు రోజులు దెబ్బల కోసం ఎదురు చూశాను. అవి తింటే అంతటితో అయిపోయేది. అవి రాకపోవడంతో ఏం చెయ్యాలో తెలియలేదు. నేను మంచికే చేశాను, బాపుకు చెడు జరిగింది. తప్పు నాది, ఆయన తనది అంటున్నాడు. అక్క దగ్గరికి పోయి, నేను చేసింది ఆ నాలుగింటిలో ఏదని అడిగాను. ఆమె డిక్షనరీ తీయబోయి మళ్లీ పెట్టేసింది. "గది బుక్కుల ఉండదే" అంది.

మరుసటి ఏడాది ఇంకో పోస్టు పడింది. బాపు మళ్లీ ముక్క తెచ్చుకున్నాడు. చివరి అంచు రోజున అమ్మ బాగానే ఉంది, అయినా ఆయన నన్నే పిలిచాడు.

"మల్లా దాన్నా?" అంది అమ్మ.

"దానికే ఎరుక" అన్నాడు బాపు.

చెక్క పట్టుకుని కూర్చున్నాను. కాలు తిమ్మిరెక్కింది. తమ్ముడు లోపల ఏడుపు లంకించుకున్నాడు. రజను వచ్చి మణికట్టు మీద పడుతుంటే దురద పెట్టింది. నేను కదల్లేదు. ఆ రోజు మూలమట్టం కింద వెలుతురు కనబడలేదు. ఆ పోస్టు బాపుకు వచ్చింది.

నాకు నలభై ఏళ్లు దాటాక అక్షరాలు వచ్చాయి. తెలుగూ ఇంగ్లీషూ కూడబలుక్కుని చదవగలిగాక డిక్షనరీలో నేను మొదట వెతికినవి ఆ నాలుగు మాటలే. అన్నింటి పక్కనా మళ్లీ సహాయమనే ఉంది. వాటి తేడా నాకు ఈ వయసులో కూడా సరిగ్గా తెలియదు, తెలిసినట్టు నటించను.

కానీ ఎవరింటికి సాయానికి పోయినా, కాన్పు ఇంటికైనా, చావు ఇంటికైనా, ముందు ఒక మాట అడుగుతాను. "నన్ను ఏమన్న చెయ్యమంటవా, ఊకె కూసోమంటవా?" నా కోడలికి ఈ ప్రశ్న వింటే నవ్వు. ఎక్కువమంది ఊకె కూసోమనే అంటారు. కూర్చుంటాను. కష్టమంతా అందులోనే ఉంది.