సాయిదుర్గ జీపుకి బురద టైర్లు

అచ్యుతాపురం దాటి సముద్రం వైపు దిగితే వచ్చే జాలరి పల్లెలో ఆడమనిషి నెత్తిన చేపల గంప ఉంటే ఎవరూ తలెత్తి చూడరు. అదే ఆడమనిషి చేతిలో స్టీరింగు ఉంటే మాత్రం పొయ్యి మీద పులుసు మాడిపోతున్నా వదిలేసి గుమ్మంలోకి వస్తారు. సాయిదుర్గ మొదటిసారి జీపు ఎక్కినప్పుడు అలాగే వచ్చారు. ఇప్పుడా వింత పాతబడింది. తెల్లారీ తెల్లారకుండా ఆమె జీపు ఇసుకలోకి దిగుతుంది. ఒడ్డుకొచ్చిన పడవల దగ్గర చేపల పెట్టెలు ఎక్కించుకుని పైకి చేరుస్తుంది. ఆ వెంటనే బండి కడిగి, నీచువాసన పోవడానికి సీట్లకి సాంబ్రాణి పొగ పట్టించి, ఊళ్ళో ఆడపిల్లలు ఎనిమిది మందిని ఎక్కించుకుని అచ్యుతాపురం సెజ్‌లోని ఫ్యాక్టరీకి తీసుకుపోతుంది. షిఫ్టు దిగినవాళ్ళని మళ్ళీ ఇంటికి చేరుస్తుంది.

భర్త నూకరాజు విశాఖ హార్బరులో పెద్ద బోటు మీద కలాసీ. వేటకి వెళ్ళాడంటే వారాల తరబడి కనపడడు. ఇంట్లో ఉండేది అత్త గంగాలమ్మ. ఆ ముసలామెకి కాళ్ళు నడవవు గాని నోరు ఊరంతా తిరిగి వస్తుంది. జీపు రాబడి సాయిదుర్గది. జీపు ఎక్కిన పిల్లలు కబుర్లు చెప్పేదీ, కష్టం వస్తే చెప్పుకునేదీ ఆమెకే. చేపల రాబడి ఒక రోజు ఉంటే రెండు రోజులు ఉండదు. ఫ్యాక్టరీ కిరాయి అలా కాదు. ఆ ఎనిమిది మందే ఆ ఇంటికి అన్నం.

ఆమెకి బండి నేర్పింది కోటి. పెదనాన్న కొడుకు. సొంత అన్న లేని సాయిదుర్గకి పెళ్ళిలో అన్న చేయాల్సినవన్నీ చేసింది అతనే. అతనికీ అలాంటి జీపే ఒకటి ఉండేది. టైర్లు అరిగిపోయి, కొత్తవి వేసే స్తోమత లేక ఇంటి పక్కన నాలుగు రాళ్ళ మీద నిలబెట్టేశాడు. తన బండి నడవకపోయినా చెల్లెలికి నేర్పాడని ఊరంతా మెచ్చుకుంది. మొదటి పాఠం ఇసుకలోనే. ఆమెను కిందికి దింపి, టైరు మూత విప్పి, గాలి సగం తీయించాడు.

"సూడమ్మీ, ఇసకలో టైరు దిగకూడదు, తేలాల. తెప్ప తేల్తాది సూడు, అలాగ. గాలి తీసీ, టైరు ఎడల్పవుతాది, పైనుంచి ఎల్లిపోతాది. ఇసకతోటి బలానికి పోకు. అదే గెలుత్తాది."

ఆ మాట ఆమె ఎన్నడూ మరిచిపోలేదు. ఇసుకలో దిగే ముందు గాలి తీయడం, తారు రోడ్డెక్కాక మళ్ళీ గాలి కొట్టించుకోవడం పళ్ళు తోముకున్నంత అలవాటైపోయింది.

పోయినేడాది జీపుకి టైర్లు మార్పించింది. రోడ్డుకీ మట్టికీ రెండింటికీ పనికొచ్చే మధ్యరకం టైర్లు. కోడలు కొత్త టైర్లు తెచ్చిందని గంగాలమ్మ పసుపు రాసి ఊరుకోలేదు. ఆ పల్లెలో ఇంటింటికీ ఒక గుర్తు ఉంటుంది. వల తేలడానికి కట్టే బెండ్ల మీద ఆ గుర్తు రంగుతో వేసుకుంటారు. సముద్రంలో రెండు వలలు చిక్కుపడితే ఎవరి బెండ్లు ఎవరివో తేల్చేది అదే. గంగాలమ్మ ఇంటి గుర్తు మూడు చుక్కలు, కింద ఒక అడ్డగీత. పడవకి వేయగా మిగిలిన నీలం రంగుంది కదా, టైర్లకీ గుర్తెయ్యమని పట్టుబట్టింది.

"టైర్లేమైనా సముద్రంలో కలిసిపోతాయేటత్తా?" అని కోడలు నవ్వింది.

"కలవ్వు. అయినా ఎయ్యి. మనదని తెలియాల."

నలుగురూ నవ్వుతారని సాయిదుర్గ గుర్తు లోపలివైపు, బండి కిందికి తల పెట్టి చూస్తే తప్ప కనపడనిచోట వేసింది.

కష్టం వానల్లో వచ్చింది. పల్లె నుంచి మెయిన్ రోడ్డుకి కాలవగట్టు మీది దారే దగ్గరి దారి. అక్కడెవరో కొత్త లేఔటు వేస్తూ లారీలకి లారీలు ఎర్రమట్టి పోశారు. రెండు వానలు పడగానే ఆ దారి దోసెపిండి అయిపోయింది. ఒక ఉదయం జీపు అందులో కూరుకుపోయింది. పిల్లలు చెప్పులు చేత పట్టుకుని దిగి తోశారు. వాళ్ళు ఫ్యాక్టరీకి చేరేసరికి గేటు మూసేశారు. ఎనిమిది మందికీ ఆ పూట పని పోయింది. వాళ్ళలో పెద్దది రోజారమణి.

"ఇంకోసారి ఇలాగైతే ఎలాగ దుర్గప్పా? మా సూపర్‌వైజరు ముందే మూతి ముడుసుకునుంటాడు" అంది.

సాయిదుర్గ ఆ సాయంత్రమే కోటి ఇంటికి వెళ్ళింది. ఇంకెవరి దగ్గరికి వెళ్తుంది?

కోటి ఆమెను గాజువాకలో ఒక టైర్ల షాపుకి తీసుకెళ్ళాడు. షాపతను మంచివాడే. ముందుగా అడగవలసిందే అడిగాడు. "అమ్మా, బండి రోజూ ఎక్కువ తిరిగేది ఎక్కడ? తార్రోడ్డా, మట్టా?"

సాయిదుర్గ నోరు తెరిచింది. ఆమె కంటే ముందు కోటి అందుకున్నాడు. "బురదలోనే బావా. పూర్తిగా బురదే. బురద టైర్లే సూపించు."

షాపతను బురద టైరు దింపాడు. రాళ్ళు పేర్చినట్టు పెద్ద పెద్ద దిమ్మలు, వాటి మధ్య లోతైన గాడులు. సాయిదుర్గ గాడిలో వేలు పెడితే కణుపు దాకా దిగిపోయింది.

"తెడ్డెలాగుంటాది సెప్పు?" అన్నాడు కోటి. "నీటి మీద పాముతాదా? లోతుకి దిగి పట్టుకుంటాది. పట్టుకుంటేనే పడవ కదుల్తాది. ఇదీ అంతే. ఎంత గాడి ఉంటే అంత పట్టు."

జాలరి పిల్లకి తెడ్డు సంగతి ఒకరు చెప్పాలా? పుట్టిందే ఆ చప్పుడులో. నీటిని పట్టని తెడ్డు పడవని నడపదు. అది కాదనడానికి ఆమెకి మనసు రాలేదు. టైరు తెప్పలా తేలాలని చెప్పిన నోరే ఇప్పుడు తెడ్డులా దిగాలంటోందని ఆ పూట తట్టలేదు.

"మరి తార్రోడ్డు మీదో అన్నా?"

"బురదలోంచి ఏనుగునైనా లాగీసే టైరుకి తార్రోడ్డొక లెక్కేటే?"

నాలుగూ మార్చేశారు. పాతవి షాపువాడే తీసుకుని కొత్తవాటి ధరలో తగ్గించాడని కోటి చెప్పాడు. ఆమె తలూపింది. అన్న మాట మీద రసీదు అడుగుతామా?

తారు రోడ్డెక్కిన మొదటిరోజే జీపు ఊళపెట్టింది. వేగం పెరిగేకొద్దీ చప్పుడు పెరిగింది. సీట్లు వణికాయి. షిఫ్టు చేసి నిద్రకి వాలిపోయే పిల్లలు కళ్ళు తెరిచి చెవులు మూసుకున్నారు.

"దుర్గప్పా, ఇది జీపా, పిండిమిల్లా?" అంది రోజారమణి.

"అప్ప మనకి అట్లపిండి ఆడించుకొస్తంది లేవే" అని ఇంకో పిల్ల నవ్వింది. వారం తిరిగేసరికి ఆ నవ్వు పోయింది. డీజిల్ ఎక్కువ తాగుతోంది. ఇసుకలో సంగతి ఇంకా అన్యాయం. గాలి తీసినా ఆ దిమ్మలు ఇసుకని తవ్వి పోసి, ఇరుసు దాకా దింపేశాయి. గంగాలమ్మ అరుగు మీంచి చూసి, "టైర్లేటే ఇవి, పీతలేటే? నిలబడిన కాడే బొరియ తవ్వుకుంటన్నాయి!" అంది. ఒడ్డున ఉన్న మగవాళ్ళు ఆ మాటకి రెండు రోజులు నవ్వుకున్నారు.

ఒక రోజు తడిసిన తారు రోడ్డు మీద ముందు లారీ ఆగింది. సాయిదుర్గ బ్రేకు తొక్కింది. జీపు ఆగకుండా సబ్బు మీద జారినట్టు జారి, లారీకి జానెడు దూరంలో ఆగింది. రోజారమణి నుదురు ముందున్న రాడ్డుకి కొట్టుకుని బొప్పి కట్టింది. ఆ తర్వాత ఇంటిదాకా పిల్లలు సీటు కమ్ములు గట్టిగా పట్టుకునే కూర్చున్నారు.

ఆ సాయంత్రం కోటి తనంతట తనే వచ్చాడు. "బెంగెట్టుకోకమ్మీ. టైర్లు కొత్తవి, అరిగితే సప్పుడు తగ్గుతాది. అప్పటిదాకా పిల్లగుంటల్ని నాను ఫ్యాక్టరీకి దింపుతాను. నా బండి బాగుసేయించినాను. నీ కిరాయి సేయి జారకుండా సూత్తాను, సరేనా?"

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉన్న చేపల పులుసంతా అతనికే పోసింది. రాళ్ళ మీద ఉన్న బండికి టైర్లెక్కడివని అడగాలని తోచలేదు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటారే, ఆ పులుసు గిన్నె అలాంటిది.

అప్పటిదాకా అన్నది నెలయింది. పిల్లలు తిరిగి రాలేదు. సాయిదుర్గ చేపలూ ఐసూ మోసుకుంటూ కూర్చుంది. దారిలో రోజారమణి ఎదురైతే, మళ్ళీ ఎప్పుడు ఎక్కుతారే అని అడిగింది. ఆ పిల్ల కాలి బొటనవేలితో ఇసుక గీసింది.

"కోటి మావ బండి సప్పుడు సెయ్యదప్పా. ఎక్కగానే నిద్దరొచ్చేత్తాది. ఏటనుకోకు."

వాయుగుండం పట్టి మళ్ళీ ముసురేసింది. ఐసు తెస్తున్న సాయిదుర్గకి కాలవగట్టు దారిలో కోటి జీపు కనపడింది. ఎర్రమట్టిలో సగం దాకా దిగిపోయి ఉంది. పిల్లలు పమిటలు, చున్నీలు నెత్తిన కప్పుకుని గట్టు మీద నిలబడ్డారు.

"అమ్మీ, తాడు!" అని కేకేశాడు కోటి.

ఆ పల్లెలో ఒక కట్టుబాటుంది. ఒడ్డున తాడు పట్టమని ఎవరు పిలిచినా పోవాలి. ముందురోజు జుట్టు పట్టుకుని కొట్టుకున్నవాళ్ళయినా సరే. పట్టిన తాడు పడవ గట్టెక్కేదాకా వదలకూడదు. సాయిదుర్గ ఒక్క క్షణం ఆలోచించలేదు. తన జీపు వెనక్కి తిప్పి నిలబెట్టి, తాడు తీసుకుని బురదలోకి దిగింది. మోకాళ్ళ మీద వంగి, కోటి జీపు ముందు కొక్కెం కోసం చేత్తో తడిమింది. బురద తుడిచింది. ముందు చక్రం ఒక పక్కకి తిరిగి ఉంది. టైరు లోపలివైపు ఆమె చేయి తగిలినచోట బురద పోయి నీలం రంగు బయటపడింది.

ఒక చుక్క. వేలితో రుద్దింది. రెండో చుక్క. మూడోది. కింద అడ్డగీత.

వాన చప్పుడు కూడా ఆమెకి వినపడలేదు. షాపతను అడిగిన ప్రశ్న వినపడింది, దానికి తనకంటే ముందు కోటి ఇచ్చిన జవాబు వినపడింది.

"ఏటే, కట్టినావా లేదా?" సీట్లోంచి కోటి.

కట్టింది. గట్టిగా రెండు ముళ్ళు వేసింది. తన జీపెక్కి ఫోర్ వీల్ వేసి, మెల్లగా లాగింది. ఆ బురద టైర్లు నిజంగానే తెడ్డులా దిగి, పట్టి, రెండు బళ్ళనీ గట్టెక్కించాయి. బురద విషయంలో కోటి చెప్పింది అబద్ధం కాదు. ఆమెకి అదే ఎక్కువ మండింది.

తాడు విప్పుతూ అడిగింది. "నా టైర్లు షాపోడు తీసుకున్నాడన్నావు గాదా?"

కోటి చక్రం వైపు చూశాడు. నీలం గుర్తు పల్లెలో ఎవరికి తెలియదు? గట్టు మీద రోజారమణి "ఓలమ్మా! గంగాలమ్మ ఇంటి గుర్తు!" అని పైకే అనేసింది.

"అది గాదమ్మీ..." అన్నాడు కోటి. "నీకేటి, నీ మొగుడు బోటు మీద సంపాదిత్తన్నాడు. నా బండి రాళ్ళ మీద ఉండిపోనాది. నా దగ్గర నేర్సుకున్నది నడుపుతంటే, నేర్పినోడు కూకుని సూత్తన్నాడని నలుగురూ అంటంటే ఎలాగుంటాది సెప్పు?"

"టైర్లు కావాలంటే ఇచ్చీదాన్ని. కిరాయి సగం కావాలన్నా ఇచ్చీదాన్ని. అడగలేకపోనావా?"

"సెల్లెల్ని అడుక్కోమంటావేటే?"

"అడుక్కోడానికి సిగ్గు. తియ్యడానికి నేదు." ఆమె తాడు చుట్టుకుంది. "గుంట నుదురు పగిలుంటే? ఆ లారీ కింద పడుంటే? ఇసకలో తేలాలని నువ్వే గదా సెప్పినావు. తెలిసే సేసినావు గదా."

ముందుగా రోజారమణి గట్టు దిగి సాయిదుర్గ జీపెక్కింది. మిగిలినవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెనకాల ఎక్కారు. ఫ్యాక్టరీకి పోయే తారు రోడ్డెక్కాక జీపు మళ్ళీ ఊళపెట్టింది. ఎవరూ చెవులు మూసుకోలేదు. రోజారమణి మాత్రం, "తెలీదప్పా మాకు" అంది. సాయిదుర్గ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు.

మర్నాడు కోటి నీలం గుర్తున్న టైర్లు తనే విప్పించి ఆటోలో వేసుకుని తెచ్చాడు. సాయిదుర్గ అప్పటికే బురద టైర్లని సబ్బవరం వైపు కంకర క్వారీలో తిరిగే ఒకతనికి బేరం పెట్టింది. అవి ఉండాల్సిన చోటు అదే. కోటి ఒక్కొక్క టైరూ దొర్లించుకుంటూ గుమ్మం దాకా వచ్చి, "ఎక్కడెట్టమంటావు అమ్మీ?" అన్నాడు. మునుపటి గొంతే తెచ్చుకోవాలని చూశాడు.

సాయిదుర్గ చేపలు తోముతోంది. తలెత్తలేదు. "ఆ గోడకి ఆనించండి, కోటి గారూ."

ఆ పల్లెలో గారూ అనిపించుకునేది ఎప్పుడైనా వచ్చే బ్యాంకు మేనేజరూ, డాక్టరూ. కోటి చేతిలోని టైరు దొర్లి పక్కకి పడిపోయింది. అతను దాన్ని లేపి గోడకి ఆనించి, ఇంకేమైనా అంటుందేమోనని కాసేపు నిలబడ్డాడు. ఆమె కత్తి తీసి రాయి మీద నూరుకుంది. వెళ్ళిపోయాడు.

అరుగు మీద గంగాలమ్మ దిగ్గున లేచి కూర్చుంది. "గారూ అంటావేటే వోణ్ణి? నీ పెళ్ళిలో అన్నీ దగ్గరుండి సేసిన అన్నే గదా?"

"పరాయోళ్ళని మరెలాగ పిలవాలత్తా?" అంది సాయిదుర్గ, చేప కడుపు కోసి నీళ్ళలో వేస్తూ.